గేరు బటన్‌కు లక్ష రూపాయలు: కొనాలా, ఆగాలా?

నెల్లూరు జిల్లా ఆత్మకూరు బజారులో సైకిల్ షాపు ముందు వరసగా నిలబెట్టిన హీరో, హెర్క్యులెస్, బీఎస్ఏ బళ్లకు చాలావరకు పది వేల రూపాయలు సరిపోతాయి. ఆ ధరలోనే సీటు వెనక క్యారియర్, పక్కన స్టాండు, హ్యాండిల్‌కు బెల్లు, చైనుకు కవరు వస్తాయి. అదే షాపు ముందు నిలబడి ఫోన్‌లో ‘రోడ్ బైక్’ అని వెతికితే కనబడే అంకెలు వేరు. వంపు తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉంటాయి. స్టాండు ఉండదు, బెల్లు ఉండదు, ఖరీదైన మోడళ్లలో పెడళ్లు కూడా విడిగా కొనుక్కోవాలి. ధర మాత్రం ముప్పై వేల దగ్గర మొదలై, లక్ష దాటి, మూడు లక్షలు దాటి, పై మోడళ్లలో పది లక్షలు కూడా దాటుతుంది.

పశ్చిమ నెల్లూరు పల్లెల్లో బైకు అంటే మోటారు సైకిలే. లక్ష లోపు కొత్త మోటారు సైకిల్ ఇంటికొస్తుంటే, ఇంజనే లేని బండికి మూడు లక్షలు ఎందుకని పెద్దవాళ్లు అడగడం సహజం. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా, సిగ్గుపడకుండా జవాబు చెప్పగలగాలి. ఈ అధ్యాయం ఆ జవాబు కోసమే.

ఆ మూడు లక్షల్లో పెద్ద వాటా తినే సరుకుల్లో ఎలక్ట్రానిక్ గేర్ల వ్యవస్థ ఒకటి. వేలితో బటన్ నొక్కితే చిన్న మోటారు కదిలి చైనును ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకో దాని మీదికి మారుస్తుంది. అదే ఫ్రేమ్‌కు తీగతో లాగే మామూలు గేర్లు కాకుండా ఇవి పెట్టించుకుంటే, సాధారణంగా తేడా యాభై వేలు దాటి లక్ష వైపు నడుస్తుంది. ఆ తేడాతో ఏం కొంటున్నామో తెలిస్తే, కొన్నా కొనకపోయినా తర్వాత బాధ ఉండదు.

ధర ఎక్కడ పెరిగింది

మొదటి కారణం రూపాయి. మంచి రోడ్ సైకిళ్లలో వాడే గేర్లు, బ్రేకులు, కార్బన్ ఫ్రేములు ఎక్కువగా జపాన్, తైవాన్, చైనా, మలేసియాల నుంచి వస్తాయి. లెక్క డాలర్లలో నడుస్తుంది. 2010లో డాలరు సుమారు 45 రూపాయలుంటే, 2024 చివరికి 85 దాటింది. రెండు వేల డాలర్ల సైకిల్ 2010లో దాదాపు 90 వేలు, 2024 చివరికి 1,70,000 పైనే. కంపెనీ ఒక్క డాలరు కూడా పెంచకపోయినా మన జేబులో ధర రెట్టింపుకు దగ్గరపడింది. దాని మీద కస్టమ్స్ సుంకం, రవాణా, షాపు లాభం చేరతాయి.

రెండోది కోవిడ్ కాలం. 2020లో జిమ్‌లు మూతపడి, బస్సులు ఆగిపోయి, ప్రపంచమంతా ఒక్కసారిగా సైకిల్ షాపుల మీద పడింది. విడిభాగాలకు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. కంపెనీలు ఆ గిరాకీ శాశ్వతమనుకుని సరుకు గుట్టలుగా తయారు చేశాయి. 2022 తర్వాత కొనేవాళ్లు తగ్గారు, గోడౌన్లు నిండిపోయాయి, విదేశాల్లో పెద్ద పెద్ద దుకాణాలే దివాలా తీశాయి. ఆ నిల్వల వల్ల కొన్ని మోడళ్ల మీద తగ్గింపులు వచ్చాయి. అట్ట మీద రాసిన ధరలు మాత్రం పాత చోటికి దిగలేదు.

మూడో కారణాన్ని చాలామంది గమనించరు. సైకిల్ ఖరీదు పెరగడమే కాదు, తక్కువ ఖరీదు ఎంపికలు కూడా వెనక్కి పోయాయి. జపాన్‌లోని సకాయ్ నగరంలో 1921లో పుట్టిన షిమానో కంపెనీ 2021లో తన పై రెండు తరగతులను, అంటే డ్యూరా ఏస్, అల్టెగ్రాలను, కొత్త తరానికి మార్చినప్పుడు వాటిని ఎలక్ట్రానిక్‌గా మాత్రమే తెచ్చింది. మంచి గేర్లు కావాలి, బ్యాటరీ వద్దు అనేవాళ్లకు ఆ అరలో చోటు లేకుండా పోయింది. డిస్క్ బ్రేకులు, కార్బన్ ఫ్రేమ్, హ్యాండిల్ లోపలి నుంచి దాచిన తీగలు కూడా ఇలాగే ఒక్కొక్కటిగా ‘ఉంటే బాగుంటుంది’ నుంచి ‘ఉండి తీరుతుంది’కి మారాయి. కొనేవాడు అడగని సరుకు కూడా బిల్లులో చేరింది.

ఇంత పెరుగుదల మధ్య ఒక చిన్న ఊరట ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. లక్ష రూపాయల సైకిల్ మీద అది ఏడు వేల తేడా. ఒక మంచి హెల్మెట్, ముందు వెనక లైట్లు, చేతి పంపు ఆ డబ్బుతో వస్తాయి. షాపులో పాత స్టాకు చూపిస్తే బిల్లు మీద ఏ పన్ను వేశారో చూసుకోవాలి.

గేరు చేసే పని, చేయని పని

ఎలక్ట్రానిక్ గేర్ల గురించి మాట్లాడే ముందు అసలు గేరు ఏం చేస్తుందో తెలియాలి. గేరు లేని మన పాత సైకిల్‌కు పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి ఐదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదునైన దారిలో హాయి. మిట్ట ఎక్కేటప్పుడు అదే ఐదు మీటర్లు బరువవుతాయి. దిగి తోసుకుంటూ పోవడం అందుకే.

రోడ్ బైక్‌లో ముందు 34 పళ్ల చక్రం, వెనక 34 పళ్ల చక్రం ఉంటే ఒక్క చుట్టుకు బండి దాదాపు 2.1 మీటర్లే కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. నడకకన్నా వేగం, మోకాళ్లకు సుఖం. అదే వెనక పెద్ద చక్రానికి 28 పళ్లే ఉంటే చుట్టుకు 2.5 మీటర్లు పోవాలి. రెండింటి మధ్య ఐదో వంతు బరువు తేడా. మర్రిపాడు దాటి వెలికొండల్లో బద్వేలు వైపు ఎక్కేవాడికి ఆ ఐదో వంతు తేడాలోనే ఊపిరి ఆడటం, ఆడకపోవడం ఉంది.

ఈ లెక్కలో మోటారు లేదు, బ్యాటరీ లేదు, బటన్ లేదు. ఎక్కుడును తేలిక చేసేది పళ్ల లెక్క. 28 పళ్ల ఎలక్ట్రానిక్ బండి మీద ఆయాసపడేవాడిని 34 పళ్ల తీగ గేర్ల బండి మీద ఉన్నవాడు పలకరిస్తూ దాటిపోతాడు. వెనకున్న పళ్లచక్రాల గుత్తిని, అంటే క్యాసెట్‌ను, మార్చడానికి అయ్యే ఖర్చు తక్కువ రకాల్లో కొన్ని వేల రూపాయలే. కొత్త సైకిల్ కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలా డబ్బు మిగులుతుంది.

బటన్ దాకా వచ్చిన దారి

గేరు మార్చడం ఎప్పుడూ ఇంత తేలిక కాదు. టూర్ డి ఫ్రాన్స్ పోటీలో చైనును పక్కకు జరిపే డీరైలర్‌ను 1937 దాకా అనుమతించలేదు. అంతకుముందు పోటీదారులు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపుకు తిప్పి బిగించుకుని ఎక్కేవారు. తర్వాత ఫ్రేమ్ కింది గొట్టం మీద చిన్న లీవర్లు వచ్చాయి. వాటి కోసం హ్యాండిల్ మీద నుంచి ఒక చెయ్యి తీయాల్సి వచ్చేది. 1990లో షిమానో బ్రేకు, గేరు రెండూ ఒకే లీవర్‌లో పెట్టాక చెయ్యి తీయాల్సిన పని పోయింది.

విద్యుత్ గేర్లను 1990లలోనే ఫ్రాన్స్‌కు చెందిన మావిక్ ప్రయత్నించింది, నిలబడలేదు. నిలబడింది 2009లో వచ్చిన షిమానో డ్యూరా ఏస్ డీఐ2. ఇటలీ కంపెనీ కంపాగ్నోలో 2011లో, అమెరికా కంపెనీ స్రామ్ 2015లో తీగలే లేని పద్ధతితో వెనకాలే వచ్చాయి.

ఇక్కడ ఓపిక గురించి నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. 2009లో అన్నిటికన్నా ఖరీదైన తరగతిలో మొదలైన డీఐ2, 2011లో అల్టెగ్రాకు, 2022లో మధ్యతరగతి 105కు దిగింది. స్రామ్ కూడా తన కింది తరగతులకు, అంటే 2021లో రైవల్‌కు, 2023లో అపెక్స్‌కు, దించింది. మధ్యలో ఇంకో విచిత్రం జరిగింది. పన్నెండు గేర్ల కొత్త 105ను ముందు ఎలక్ట్రానిక్‌గానే తెచ్చిన షిమానో, మరుసటి ఏడాది 2023లో తీగతో నడిచే 105ను కూడా విడుదల చేసింది. పెద్ద కంపెనీకి కూడా బ్యాటరీ వద్దనే కొనుగోలుదారు అవసరమే. ఆగేవాడు నష్టపోడు. ఈ ఏడాది పై మోడల్‌లో ఊరించే సౌకర్యం కొన్నేళ్లలో కింది మోడల్‌కు వస్తుంది.

బటన్ నిజంగా ఇచ్చేది

ఎలక్ట్రానిక్ గేర్లను ఉత్త షోకని కొట్టిపారేయడం అన్యాయం. తీగ గేర్లలో ఉక్కు తీగ ఒక సన్నటి గొట్టం లోపల జారుతుంది. దుమ్ము పడితే జారుడు తగ్గుతుంది, వాడే కొద్దీ తీగ సాగుతుంది, గేరు సగం పడి కరకరమంటుంది. మోటారుకు ఈ బాధ లేదు. మొదటి రోజు ఎలా పడిందో వెయ్యో కిలోమీటరు దగ్గరా అలాగే పడుతుంది. ముందున్న రెండు పెద్ద చక్రాల మధ్య చైను మార్చడం తీగ లీవర్‌తో కొంచెం బలం అడిగే పని. బటన్‌కు ఆ బలం అక్కర్లేదు. హ్యాండిల్ లోపలి నుంచి తీగలన్నీ దాచేసే కొత్త ఫ్రేముల్లో వంపులు ఎక్కువ, తీగకు రాపిడి ఎక్కువ. అలాంటి ఫ్రేమ్ కొంటే ఎలక్ట్రానిక్ గేర్లకు అర్థం ఉంది.

చేతులు బలహీనమైనవాళ్లకు, వేళ్లలో వాపు నొప్పులున్నవాళ్లకు, ఒక చేత్తోనే బండి నడిపేవాళ్లకు అది సౌకర్యం కాదు, అవసరం. బటన్లను హ్యాండిల్ మీద చేతికి అందే చోట పెట్టుకోవచ్చు, రెండు వైపుల గేర్లనూ ఒక చేతికే అప్పగించవచ్చు. తెలుగు నేల మీద వికలాంగుల సైక్లింగ్‌కు గట్టి పునాది ఉంది. రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయిన హైదరాబాదు సైక్లిస్టు ఆదిత్య మెహతా 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచి, తన పేరిట ఒక ఫౌండేషన్ నడుపుతున్నాడు. ఆ శిక్షణలో ఎదిగిన నంద్యాల యువకుడు షేక్ అర్షద్ 2024లో పారిస్ పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారతదేశం తరఫున పోటీ చేశాడు. సెకన్ల తేడాతో ఫలితం మారే ఆ స్థాయిలో పరికరం మీద పెట్టే ప్రతి రూపాయికీ లెక్క చెప్పవచ్చు.

మూడో గుంపు దూరాలు తొక్కేవాళ్లు. హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లో బ్రెవే అనే దూరపు సవారీలు జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో పూర్తి చేయాలి. ఆ వరసలో శిఖరం నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్. రాత్రంతా తొక్కాక అరచేతులు తిమ్మిరెక్కి, లీవర్ నెట్టడానికి వేలు కదలని పరిస్థితి వస్తుంది. అప్పుడు చిన్న బటన్ విలువ తెలుస్తుంది.

పోటీదారు, చేతి ఇబ్బంది ఉన్నవారు, రోజుల తరబడి దూరాలు తొక్కేవారు. ఈ ముగ్గురిలో ఎవరైనా అయితే డబ్బు ఉన్నప్పుడు సంకోచం లేకుండా కొనవచ్చు. మిగతావాళ్లు తమ దారిని ఒకసారి చూసుకోవాలి.

ఆత్మకూరు–ఉదయగిరి దారి అడిగే ప్రశ్నలు

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి యాభై కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే చేరవచ్చు. దారి పొడుగునా మెట్ట పొలాలు, చిల్లచెట్లు, దూరంగా వెలికొండల నీలి గీత. చివర ఉదయగిరి దుర్గం కొండ, మూడు వేల అడుగుల ఎత్తున. 1510లలో గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది. సైకిల్ మీద దాని పాదం దాకా వచ్చి, తల ఎత్తి చూసి, టీ తాగి తిరిగి పోవడం ఏ నగరపు సైక్లిస్టుకైనా అసూయ పుట్టించే సవారీ.

ఆ దారి సైకిల్‌ను నాలుగు ప్రశ్నలు అడుగుతుంది.

ఎండకు తట్టుకుంటావా? ఉదయగిరి వేసవి నలభై డిగ్రీలు సులువుగా దాటుతుంది. లిథియం బ్యాటరీకి అతి వేడి పడదు. ఎలక్ట్రానిక్ బండిని మూసిన కారులోనో రేకుల షెడ్డు కిందో మధ్యాహ్నమంతా వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

దుమ్ము పడుతుందా? పడుతుంది. తీగ గేర్లున్నవాడు ఏడాదికోసారి తీగ, గొట్టం మార్చుకోవాలి. తీగ ఖరీదు కొన్ని వందల రూపాయలే. దుమ్ము అసలు తినేది చైనును, అది ఏ రకం గేర్లకైనా ఒకటే. వారానికోసారి గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేయాలి. నూనె కారుతుంటే దుమ్మును పిలిచినట్టే.

ఛార్జింగ్ మరిచిపోతే? షిమానో బ్యాటరీ ఒక్కసారి ఛార్జ్ చేస్తే సుమారు వెయ్యి కిలోమీటర్లు, స్రామ్‌వి దాదాపు అరవై గంటలు నడుస్తాయి. నెలకు నాలుగు వందలు తొక్కేవాడు రెండు నెలలకోసారి ఫోన్‌లా ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు. స్రామ్‌లో ముందు, వెనక బ్యాటరీలు ఒకటే రకం. వెనకది అయిపోతే ముందుదాన్ని తీసి వెనక పెట్టుకుని ఇల్లు చేరవచ్చు. లీవర్ల లోపల గుండీ సెల్లు ఉంటుంది. స్రామ్ వాడే సీఆర్2032 చిన్న పట్టణంలో వాచీల షాపులోనూ దొరికే రకం. షిమానో వాడే సీఆర్1632 అంత తేలిగ్గా కనబడదు, ఒకటి రెండు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఇదే అసలు ప్రశ్న. ఆత్మకూరు పంక్చర్ షాపులో వంకరపోయిన రిమ్ సరిచేస్తారు, స్పోకులు బిగిస్తారు, బేరింగులకు గ్రీజు పెడతారు. తీగ గేరును కాసేపు చూస్తే పట్టేయగల చేతులు అక్కడ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ డీరైలర్ మొరాయిస్తే ఫోన్ యాప్ తెరిచి సాఫ్ట్‌వేర్ చూడాలి, మోటారు పోతే విడిగా బాగుచేసే వీలుండదు, మొత్తం మార్చాలి. ఆ ఒక్క భాగం ఖరీదు చాలా మోడళ్లలో మంచి మామూలు సైకిల్ ఖరీదును దాటుతుంది. దాని కోసం నెల్లూరు, అక్కడ దొరక్కపోతే ఇంకో 175 కిలోమీటర్లు పోయి చెన్నై. సైకిల్‌కు కూడా సాఫ్ట్‌వేర్ మార్పులు తప్పవని 2024లో తేలింది. తీగలేని షిమానో గేర్ల సంకేతాలను పక్కనుంచి పట్టుకుని తిరిగి పంపితే గేరు మారిపోతుందని అమెరికా పరిశోధకులు చూపించాక, కంపెనీ ఆ లోపాన్ని సరిదిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చింది.

ఈ వైపు రోడ్లు కూడా మారబోతున్నాయి. నెల్లూరు–బద్వేలు మధ్య 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారికి 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు రూ.3,653 కోట్లు. రోడ్డు నునుపైతే సన్నటి టైరుకు సుఖమే, లారీల వేగం కూడా పెరుగుతుంది. అప్పుడు బటన్ గేరు కన్నా ముందు కావాల్సింది వెనక ఎర్రగా వెలిగే లైటు.

డబ్బు పంచాల్సిన వరస

ఉదయగిరి చెక్క గంటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ కళాకారులు నర్ది, బిక్కి లాంటి కొండ కర్రను ఎంచి, చేతి పనిముట్లతో గంటెలు, అట్లకాడలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతారు. గంటెకు పనికొచ్చే లోతు అట్లకాడకు పనికిరాదు. ఏ వస్తువైనా అది చేసే పని నుంచి రూపం తీసుకుంటుంది. సైకిల్ బడ్జెట్ కూడా అలాగే పని నుంచి మొదలవ్వాలి.

అన్నిటికన్నా ముందు కొలత. ఫ్రేమ్ సైజు ఒంటికి సరిపోకపోతే పది లక్షల సైకిల్ కూడా నడుం నొప్పి తెస్తుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది గనక మోకాలు కొద్దిగా వంగుతుంది. మొదటి సర్దుబాటుకు ఈ కొలత చాలు.

తర్వాత టైర్లు. మన తారు రోడ్లకు 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు మేలు. దానికి చోటు లేని ఫ్రేమ్‌ను ఎంత తక్కువకిచ్చినా వదిలేయాలి. ఆ తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇందాకటి పళ్ల లెక్క.

వీటన్నిటి తర్వాత, ఇంకా డబ్బు మిగిలితే, గేరు ఎలా మారాలన్నది ఆలోచించవచ్చు. ఏ గేర్లు కొన్నా ఒక చిన్న లోహపు ముక్క విడిగా కొని సంచిలో ఉంచుకోవాలి. వెనక డీరైలర్‌ను ఫ్రేమ్‌కు బిగించే దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడివైపు పడితే మొదట వంగేది అదే. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం గనక ఊళ్లో దొరకదు. అది లేక పెద్ద బళ్లు వారాల తరబడి గోడకానుకుని ఉండిపోతాయి.

ఖరీదును కిలోమీటర్లతో భాగించి చూడటం మంచి అలవాటు. మూడు లక్షల సైకిల్‌ను మోజు తీరేలోగా రెండు వేల కిలోమీటర్లు తొక్కి మూల పెడితే కిలోమీటరుకు 150 రూపాయలు పడినట్టు. అరవై వేల సైకిల్‌ను ఆరు వేల కిలోమీటర్లు తొక్కితే పది రూపాయలు. మూడు లక్షలదాన్నే పదేళ్లలో ముప్పై వేల కిలోమీటర్లు తొక్కేవాడికీ అంతే, పది రూపాయలు. అందుకే ఖరీదైన బండి కొన్నవాడిని చూసి నవ్వనక్కర్లేదు, కొనలేనివాడు కుంగనక్కర్లేదు. తొక్కడమే లెక్కను మారుస్తుంది.

కొనేముందు ఒక నెల

ఆత్మకూరులో ఒక బడి పంతులును ఊహించుకుందాం. వయసు నలభై, డాక్టర్ బరువు తగ్గమన్నారు, చేతిలో లక్షన్నర ఉంది, ఫోన్‌లో రెండున్నర లక్షల ఎలక్ట్రానిక్ బండి రోజూ కనబడుతోంది, మిగతా లక్ష వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఆయన చేయాల్సింది ఒక నోటుపుస్తకం తెరవడం.

మొదటి వారం ఇంట్లో ఉన్న సైకిల్, లేదంటే అడిగి తెచ్చుకున్నది, రోజూ పొద్దున అరగంట తొక్కాలి. పుస్తకంలో తేదీ, దూరం, నొప్పి పుట్టిన చోటు రాయాలి. నడుమా, అరచేయా, మోకాలా? ఆ మాటలు రేపు షాపులో సీటు, హ్యాండిల్ కొలతలకు పనికొస్తాయి.

రెండో వారం ఒక ఎక్కుడు ఎంచుకుని మూడుసార్లు ఎక్కాలి. ఎక్కడ దిగిపోవాల్సి వచ్చిందో మైలురాయి గుర్తుతో సహా రాసుకోవాలి.

మూడో వారం అనుమసముద్రంపేట దర్గా దాకానో, సోమశిల జలాశయం వైపో, శక్తి కొద్దీ ఒక పెద్ద సవారీ. పంక్చర్ పడితే తనే వేసుకోగలిగాడా, దారిలో ఎవరి సాయం దొరికింది, నీళ్లు ఎన్ని సీసాలు పట్టాయి అన్నీ రాయాలి. ఇంటికొచ్చాక ఇంకో ప్రశ్న రాసుకోవాలి: ఈ దారిలో గేరు సరిగా పడక ఆగిపోయిన చోట్లు ఎన్ని? గేరే లేని సైకిల్ అయితే, గేరు కావాలనిపించిన చోట్లు ఎన్ని?

నాలుగో వారం నెల్లూరు వెళ్లి, కుదిరితే చెన్నైకి కూడా వెళ్లి, రెండు రకాల గేర్ల మీదా కూర్చుని తొక్కి చూడాలి. తీగ లీవర్ వేలికి బరువనిపించిందా, బటన్ తేడా మొదటి ఐదు నిమిషాల తర్వాత కూడా గుర్తుందా అన్నది చూసుకోవాలి. తొక్కి చూడనివ్వని చోట కొనకూడదు. పాత సైకిల్ చూస్తే ఫ్రేమ్ గీతలు, చైను అరుగుదల, కొన్న బిల్లు అడగాలి. కార్బన్ ఫ్రేమ్‌లో పగులు కంటికి కనబడకపోవచ్చు గనక, తెలిసినవాళ్లు తోడు లేకుండా డబ్బు ఇవ్వకూడదు.

నెల తిరిగేసరికి పుస్తకంలో పదిహేను ఇరవై సవారీలు ఉంటే ఆ పంతులుకు సైకిల్ కావాలి, అనుమానం లేదు. నాలుగే ఉంటే వాయిదాల కాగితం మీద సంతకం ఇంకో మూడు నెలలు ఆగవచ్చు. సవారీలున్నాయి, ఎక్కుడు దగ్గర దిగిపోయిన గుర్తులున్నాయి, గేరు మార్చడంలో చేతి ఇబ్బంది మాత్రం ఒక్కచోటా రాయలేదు అంటే, ఆయన లక్షన్నరలో మంచి తీగ గేర్ల బండి, హెల్మెట్, లైట్లు, విడి ట్యూబులు, హ్యాంగర్ వచ్చి, కొంత డబ్బు ఇంట్లో మిగిలే మార్గం ఉంది. అప్పు అక్కర్లేదు.

ఇక ఆ పుస్తకం సంచిలో వేసుకుని నెల్లూరు బస్సెక్కాలి. షాపులో అమ్మేవాడు బటన్ నొక్కి మోటారు చప్పుడు వినిపించేలోగా, వెనక చక్రం దగ్గర వంగి అడగాలి: “దీంట్లో పెద్దదానికి ఎన్ని పళ్లు?”